మూడో ఉదయం

మా తోడికోడలు రూబీ మారిపోయిందని నాకు మొదట తెలిసింది ఆమె నవ్వుతోనే. అంతకుముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ వేసవిలో ఒకరోజు షెడ్డులో అందరి ముందూ, కొంగు అడ్డం లేకుండా, పళ్ళన్నీ కనపడేట్టు నవ్వింది. అందరూ ఆమెతో పాటు నవ్వారు. నేను నవ్వలేదు. చేతిలో ఉన్న చెక్క చెంచాను ఆకురాయితో ఇంకొంచెం గట్టిగా రుద్దాను.

మాది ఉదయగిరి. కొండ మీద నుంచి వచ్చే నర్ది కర్రతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేయడం ఇక్కడ చాలా ఇళ్ళల్లో ఉన్న పని. మా షెడ్డులో తొమ్మిది మంది ఆడవాళ్ళం కూర్చుంటాం. అందరిలోకీ పాతదాన్ని నేనే. మస్తానయ్య మామ దగ్గర ఈ పని నేర్చుకుని ఇరవై రెండేళ్ళయింది. రూబీ మా మరిది హెన్రీని పెళ్ళి చేసుకుని సంగం నుంచి వచ్చి ఆరేళ్ళు. వచ్చేటప్పటికి ఆ పిల్లకు వరినాట్లు తప్ప మరో పని తెలియదు. చెక్కే బాడిస ఎట్లా పట్టుకోవాలో, కర్ర పచ్చిగా ఉండగానే ఎందుకు చెక్కాలో, ఆరి పగలకుండా తడి గోనెసంచి కింద ఎట్లా దాచాలో, అన్నీ నేనే నేర్పాను.

"చెంచాకు ప్రాణమంతా మెడలోనే ఉండాది" అని మొదటిరోజే చెప్పాను. "మెడ లావైతే గొడ్డలి కామ మాదిరి ఉంటాది. సన్నమైతే అన్నంలోనే విరుగుతాది. కంటితో చూస్తే తెలీదు. బొటనవేలు పెట్టి చూడు."

అట్లా చెప్పిన నా ఎడమ బొటనవేలికి సగం గోరు లేదు. నేర్చుకునే రోజుల్లో బాడిస దెబ్బకు పోయింది. వేలి కొస అప్పటి నుంచి మొద్దుబారి ఉంటుంది. ఆ వేలితోనే ఇన్నేళ్ళూ చెంచాల మెడలు చూస్తూ వచ్చాను.

ఇక రూబీని మార్చిన పుస్తకం సంగతి. ఆత్మకూరు బస్టాండులో సంగం బస్సు కోసం ఎదురుచూస్తూ రూబీ కొనుక్కున్నదట. పేరు 'ఇరవై ఒక్క ఉదయాలు'. మనిషి తనను తాను బాగుచేసుకోవడానికి రోజుకొక పాఠం ఉంటుంది. పాఠం చదివి, కింద గీసిన గీతల మీద మన సంగతి మనం రాసుకోవాలి. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక రూబీ దాన్ని తెరిచి రెండు ముక్కలు చదివేది. మిగతావాళ్ళు చుట్టూ చేరేవారు. అంతకుముందు ఆ వేళకు వాళ్ళు నా చుట్టూ చేరేవాళ్ళు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు చెప్పిన ప్రసంగాన్ని నేను మళ్ళీ చెబుతుంటే వినేవాళ్ళు. కొందరు కునుకు తీసేవాళ్ళు. రూబీ చదువుతుంటే మాత్రం ఒక్కరూ కునుకు తీయలేదు. నేను ప్రతి ముఖమూ చూశాను.

"ఇందులో ఏం రాసినాడంటే అక్కా," అంది రూబీ ఒకరోజు, నన్ను కూడా కలుపుకోవాలని. "మనకేం కావాల్నో మనం నోరు తెరిచి అడగాలంట. మనసులో సణుక్కుంటా కూర్చుంటే ఎదుటివాళ్ళకు ఎట్టా తెలుస్తాది అంటాడు."

"దానికి పుస్తకం కొనాల్నా? చంటిబిడ్డకు కూడా తెలుసు ఆ మాట" అన్నాను.

అందరూ నవ్వారు. ఆ రోజుకు నాదే పైచేయి అనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత సరుకు కోసం వచ్చిన షావుకారును రూబీ వాకిట్లోనే నిలబెట్టింది.

"అన్నా, ఈడ చీకటి. మెడ కాడ గీత పడితే మాకు కనపడదు. ఒక ట్యూబులైటు వేయించు. మీకూ సరుకు వాపసు రాదు గదా."

వారం తిరక్కుండా లైటు వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా నేను వెలుతురు కోసం వాకిలి పక్కన కూర్చుని చెక్కుతున్నాను. ఎండ జరిగితే నేనూ జరిగేదాన్ని. ఒక లైటు వేయించమని అడగవచ్చన్న సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఎనిమిది మందీ తమ పీటలు తీసుకుని లైటు కిందికి జరిగారు. నేను జరగలేదు.

"ఇట్టా రా అక్కా, ఈడ బాగా కనపడతాది."

"నాకు ఎండే అలవాటు" అన్నాను.

రూబీది, మాది ఒకే పెరడు, రెండు వాటాలు. మా అత్త ఓబమ్మ ఆ వాటాలోంచి ఈ వాటాలోకి తిరుగుతూ ఉంటుంది. ఆ సాయంత్రం నా వాటాలోకి వచ్చింది.

"చూడు మే సుకుమారీ, చిన్నది నోరు తెరిచి అడిగింది, లైటొచ్చింది. నువ్వు నోరు తెరిస్తే సణుగుడు తప్ప ఏమొచ్చింది?"

"నోరు తెరిస్తే ఒక తప్పు, మూస్తే ఒక తప్పు. నేనేం చేసినా నీకు తప్పేలే అత్తా."

"ఇదిగో, నేను చెప్పేది ఇదే."

చేతిపనుల సరుకు కొనే నెల్లూరు సంస్థ ఒకటి ఉంది. దాని తరఫున మా షెడ్డుకు రేణుకాదేవి మేడమ్ వస్తుంటుంది. జూలై మొదట్లో ఆమె ఒక కబురు తెచ్చింది. ఆత్మకూరులో శిక్షణ కేంద్రం తెరుస్తున్నారు. ఇరవై మంది ఆడపిల్లలకు చెంచాల పని నేర్పాలి. నేర్పడానికి మా షెడ్డు నుంచి ఒక్కరు కావాలి.

"నెలాఖరుకు వస్తాను. రావాలనుకునేవాళ్ళు తలా ఆరు చెంచాలు చేసి పెట్టండి. చూసి అప్పుడే చెప్పేస్తాను" అంది.

నేను పేరిచ్చాను. రూబీ పేరిచ్చింది. మిగతావాళ్ళు ఆత్మకూరు దూరమన్నారు.

ఆ పని నాకు అంతగా ఎందుకు కావాలనిపించిందో చెప్పాలి. నా బడి ఏడో తరగతితో ఆగిపోయింది. మా టీచరమ్మ నల్లబల్ల తుడిచి ఇటు తిరిగితే తరగతి మొత్తం నోరు మూసుకునేది. నన్ను కూడా ఎవరైనా టీచర్ అని పిలవాలని అప్పటి నుంచీ ఉండేది. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు అక్కా అంటారు, పిన్నీ అంటారు. టీచర్ అని ఒక్కరూ అనరు. ఇరవై మంది పిల్లలు లేచి నిలబడి ఆ మాట అంటే ఎట్లా ఉంటుందో చెక్కుతూ చెక్కుతూ ఊహించుకునేదాన్ని. ఊహలో పిల్లలు లేచి నిలబడేవాళ్ళు. టీచర్ అనేవాళ్ళు. కానీ వాళ్ళ చూపు నా మీద ఉండేది కాదు. నా వెనక తలుపు దగ్గర రూబీ నిలబడి ఉండేది.

రూబీకి వచ్చిన ఈ కొత్త వెలుగంతా ఆ పుస్తకంలోదేనని నాకు గట్టి నమ్మకం. ఆమెను అడిగి తీసుకోవడానికి మనసొప్పలేదు. ఉప్పుకాగితం అయిపోయిందని ఇంట్లో చెప్పి ఆత్మకూరు బయలుదేరాను.

"చెక్క రుద్దే కాగితం ఈడ దొరకదా?" అన్నాడు మా ఆయన యేసుబాబు. ఆయనకు ఆటో ఉంది. ఉదయగిరిలో ఏ కొట్లో ఏది దొరుకుతుందో ఆయనకు తెలియనిది కాదు.

"సన్నరకం దొరకదు" అన్నాను.

బస్టాండు పుస్తకాల కొట్టాయన "ఎవరికమ్మా?" అని అడిగాడు. నాకేనని చెప్పడానికి నోరు రాలేదు. "మా తోడికోడలికి" అన్నాను. సన్నరకం ఉప్పుకాగితం కూడా కొన్నాను, అబద్ధం సగమైనా తగ్గుతుందని.

తెచ్చాక ఎక్కడ దాచాలన్నది చిక్కు. మా అత్త చేయి పెట్టని అలమర మా ఇంట్లో లేదు. చివరికి నా బైబిలుకున్న నల్ల జిప్పు కవరు గుర్తొచ్చింది. దాని జోలికి ఎవరూ పోరు. బైబిలును బయటికి తీసి, పెట్టెలో పెళ్ళి చీర మడతల్లో భద్రంగా పెట్టాను. మోకాళ్ళ మీద ఉండి క్షమించమని అడిగాను. తర్వాత 'ఇరవై ఒక్క ఉదయాలు' కవరులో పెట్టి జిప్పు లాగాను. కొలత తీసినట్టు సరిపోయింది.

రోజూ తెల్లవారుజామున ప్రార్థన చేసుకునే మూలనే కూర్చుని చదివాను.

"ఈ మధ్య వాక్యం మీద బాగా కూర్చుంటా ఉండావే," అన్నాడు మా ఆయన ఆటో అద్దం తుడుస్తూ. "ముఖంలో కళ కూడా వచ్చింది."

ఆ మాటకు నాకు అన్నం సయించలేదు.

మొదటి ఉదయం సులువే. లేవగానే నీళ్ళు తాగి, ఇవాళ ముగించాల్సిన పని ఒక్కటే అనుకోమన్నాడు. రెండో ఉదయం, పని మధ్యలో ఫోను చూడొద్దన్నాడు. నాకు ఫోను చేసేవాళ్ళు ఎట్లాగూ లేరు. మూడో ఉదయం దగ్గర ఆగిపోయాను. 'ఎవరిని చూస్తే మీ మనసు మండుతుందో వారి పేరు కింది గీత మీద పెన్సిలుతో రాయండి. మిమ్మల్ని వారితో పోల్చుకోకండి. నిన్నటి మీతో పోల్చుకోండి. మంట చల్లారిన రోజు ఆ పేరు చెరిపి, నాలుగో ఉదయానికి వెళ్ళండి.'

రూబీ అని రాశాను. కాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నాను. చల్లారినట్టే అనిపించింది. ఇంట్లో రబ్బరు లేదు. సన్నరకం ఉప్పుకాగితం ముక్కతో మెల్లగా రుద్దితే పేరు పోయింది. పేజీ తిప్పబోతుండగా పెరట్లో రూబీ ఏదో అనడం, దానికి మా అత్త పకపకా నవ్వడం వినపడింది. నా మాటకు మా అత్త చివరిసారి ఎప్పుడు నవ్విందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పెన్సిలు తీసి మళ్ళీ రాశాను.

మరునాడు చెరిపాను. పొద్దెక్కే లోపల రాశాను. ఆ మరునాడూ అంతే. రూబీ తడి జుట్టు ఆరబెట్టుకోవడం చూసినా రాశాను. హెన్రీ ఆమె చేతిలోంచి నీళ్ళ బిందె అందుకోవడం చూసినా రాశాను.

నాకొక సందేహం ఉండేది. చర్చిలో అయితే పొరుగువారిది ఆశించవద్దని ఒక్క మాటలో చెప్పేస్తారు. ఎట్లా మానుకోవాలో చెప్పరు. ఈ పుస్తకం ఎట్లాగో చెబుతోంది. కానీ నిన్నటి నాతో పోల్చుకోమంటే, నిన్నటి నన్ను ఎక్కడికి పోయి చూసేది? రూబీ అయితే పొద్దున్నే వాకిలి తీయగానే కనపడుతుంది.

ఆ వారం ఆదివారం అలవాటు కొద్దీ నల్ల కవరు సంచిలో వేసుకుని చర్చికి వెళ్ళాను. ఆరాధన మధ్యలో పాస్టరుగారు నా వైపు చూశారు. "ఇవాళ్టి కీర్తన మన సహోదరి సుకుమారి చదువుతారు" అన్నారు. లేచి నిలబడి జిప్పు లాగాను. సగం తెరుచుకునేసరికి పసుపుపచ్చ అట్ట, దాని మీద ఉదయిస్తున్న సూర్యుడు కనపడ్డాయి. ముందు వరసలో మా అత్త మెడ తిప్పి చూస్తోంది. చర్చి మొత్తం నా గొంతు కోసం ఎదురుచూస్తోంది.

పక్కన కూర్చున్న రూబీ చూసింది. తన బైబిలును ఆ కీర్తన దగ్గర తెరిచి నా చేతుల్లో పెట్టింది. నా కవరు తన ఒళ్ళోకి తీసుకుని జిప్పు వేసేసింది. రెప్పపాటులో అయిపోయింది. నేను చదివాను. చివరి దాకా తలెత్తలేదు.

"మంచి భక్తితో చదివినావమ్మా" అన్నారు పాస్టరుగారు తర్వాత.

బయట రూబీ కవరు నా చేతికిచ్చింది. ఎగతాళి చేసి ఉంటే బాగుండేది. నేనూ తిరిగి ఒక మాట అనేదాన్ని. ఏమీ అనకుండా కవరిచ్చి, వంగి తన చెప్పులు వెతుక్కుంది. ఈ మంచితనం కూడా పుస్తకంలోదే అయి ఉంటుంది, ఏ ఉదయంలో ఉందో చూద్దామని ఇంటికి పోగానే పేజీలన్నీ తిరగేశాను. ఇరవై ఒకటిలో ఎక్కడా లేదు.

దాంతో నా మంట ఇంకా పెరిగింది.

నెలాఖరున రేణుకాదేవి మేడమ్ వచ్చింది. ట్యూబులైటు కింద బల్ల వేయించి తెల్లగుడ్డ పరిచింది. నా ఆరు చెంచాలు, రూబీ ఆరు చెంచాలు తీసుకుంది. మమ్మల్ని వెనక్కి తిరగమని పన్నెండూ కలిపేసింది.

"ఎవరివి ఏవో నాకు తెలియకూడదు. సుకుమారిగారూ, మీరు పెద్దవారు కాబట్టి ముందు మీరు చూడండి. బాగాలేనిది ఉంటే తీసి, ఎందుకు బాగాలేదో చెప్పండి. పేరు మాత్రం చెప్పొద్దు. నేర్పేవాళ్ళకు తప్పు కనపడాలి కదా, అది చూస్తాను."

ఆ లైటు కింద నేను కూర్చోవడం అదే మొదలు. ఆ తెల్లటి వెలుతురులో పన్నెండూ ఒకే తల్లి బిడ్డల్లా కనపడ్డాయి. నేర్పింది నేనే కదా, రూబీ చేయి కూడా నా చేయి నడిచిన దారినే నడుస్తుంది. ఒక్కొక్కటీ ఎత్తి తిప్పి చూశాను. ఏడోదో ఎనిమిదోదో చేతికి వచ్చినప్పుడు ఆగాను. మెడ ఎడమపక్క లావు. వాకిలి దగ్గర ఎండలో అయితే తెలిసేది కాదు. లైటు పడి, ఆ లావు నీడ చెంచా గుంటలో గీతలా కనపడింది. నా లోపల ఏదో ఎగిరి గంతేసింది. దొరికింది అనుకున్నాను.

"ఇది చూడండి మేడమ్. మెడ ఒక పక్క లావుండాది. ఆకురాయి రెండు పక్కలా సమంగా నడవలా. చూసేదానికి బానే ఉంటాది గానీ, నాలుగు నెలలు వాడితే ఈ సన్న పక్కన చీలతాది."

అంతటితో ఆపితే సరిపోయేది. ఆపలేకపోయాను.

"పేరు చెప్పొద్దన్నారు గానీ, ఇది మా రూబీది. మొదట్నించీ ఇంతే మేడమ్. పది మందికీ పుస్తకం చదివి వినిపించే ధ్యాసలో చేయి ఒక చోట నిలవదు."

షెడ్డులో ఆకురాళ్ళ చప్పుడు ఆగిపోయింది. రూబీ బల్ల దగ్గరికి వచ్చి ఆ చెంచా తీసుకుంది. మెడ మీద బొటనవేలు పెట్టి చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసింది.

"నిజమే మేడమ్," అంది. "లావుండాది. అక్క చెప్పింది కరెక్టే."

మేడమ్ చెంచాను లైటుకు ఎత్తి చూసింది. "నాకైతే కనపడనే లేదు. ఇరవై రెండేళ్ళ కన్ను అంటే ఇట్లా ఉండాలి." రూబీని వేరుగా చూడమనకుండానే కాగితం మీద ఏదో రాసుకుంది. "చేసే చేయి మీ ఇద్దరికీ ఉంది. నేర్పడానికి ఆ కన్ను కావాలి. సుకుమారిగారూ, ఆత్మకూరుకు మీరే. వచ్చే నెల పదహారో తేదీ నుంచి. ఏం టీచర్ గారూ, సంతోషమేనా?"

టీచర్ గారూ అంది. అందరూ చప్పట్లు కొట్టారు. రూబీ కూడా కొట్టింది.

మేడమ్ కారు వెళ్ళిపోయాక బల్ల సర్దుకున్నాం. రూబీ తన చెంచాలు ఒక్కొక్కటీ ఏరుకుంది. ఆరు ఏరుకుని గుడ్డలో చుట్టుకుని తన పీట దగ్గరికి వెళ్ళిపోయింది. బల్ల మీద నావి మిగిలాయి. అవీ ఆరే. ఐదు ఒక వరసలో, ఆ లావు మెడది పక్కన విడిగా.

రూబీ పొరపాటున నాదొకటి తీసుకుపోయిందనుకున్నాను. ఆ విడి చెంచా ఎత్తి ఎడమ చేత్తో పట్టుకున్నాను. సగం గోరు లేని నా బొటనవేలు ఆ లావు మీద సరిగ్గా ఒదిగి కూర్చుంది. మొద్దుబారిన కొసకు లావు తెలియడం లేదు. బాగానే ఉందని చెబుతోంది. ఇరవై రెండేళ్ళుగా అట్లాగే చెబుతూ వచ్చిందన్నమాట. కుడి బొటనవేలు పెట్టి చూశాను. తెలిసింది. మిగతా ఐదింటినీ చూశాను. వాటికీ ఉంది, చాలా కొంచెం, వెతికితే తప్ప దొరకనంత.

సాయంత్రం పెరట్లో రూబీ గిన్నెలు తోముతోంది. పక్కన పోయి నిలబడ్డాను.

"ఆ చెంచా నాదని నీకు తెలుసు."

"తెలుసు" అంది తలెత్తకుండా.

"ఎప్పుడు తెలిసింది?"

"వేలు పెట్టంగానే. నీ చెంచాల మెడ నాకు తెలీదా అక్కా? వాటిని చూసే గదా నేర్చుకున్నా. మొదట్లో నేనూ ఎడమపక్క నీకన్నా లావు పెట్టేదాన్ని, అది అందానికనుకుని. షావుకారు రెండుసార్లు వాపసిచ్చినాక మార్చుకున్నా."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే వినేదానివా నువ్వు?"

నేను ఇంకో ప్రశ్న వేశాను. "మరి ఇయ్యాల మేడమ్ ముందర నోరెందుకు మూసుకున్నావు? ఏ ఉదయంలో రాసుండాది అట్టా చేయమని?"

రూబీ చేతిలో గిన్నెను రాతి మీద ఠంగుమని పెట్టింది. ఆమెకు కోపం రావడం నేను చూసింది అప్పుడే.

"అన్నిటికీ పుస్తకమేనా? అది నాది కాదు మేడమ్, అక్కదే అంటే అంతమందిలో నీ ముఖం ఏమయ్యేది? నాకు బాడిస పట్టడం నేర్పినదానివి. నా నోటితో అనబుద్ధి కాలా, అంతే. ఆత్మకూరు నాకు అక్కర్లేదనుకున్నావా? కావాలనే పేరిచ్చినా. ఇంక నన్నేం అడగబాక. పో అక్కా."

నేను వచ్చేశాను. నిజం చెప్పాలంటే, అప్పుడు కూడా నా లోపల మొదట లేచిన మాట పశ్చాత్తాపం కాదు. రూబీ ఎవరికీ చెప్పదు, ఉద్యోగం నాదే, అనుకున్నాను. ఆ వెంటనే, మంచితనంలో కూడా ఆమెదే పైచేయి అయింది కదా అని కుళ్ళుకున్నాను. రెండూ ఒకేసారి అనుకోగలిగాను.

మా ఆయన మాత్రం ఊరికే ఉండలేదు. మంచి జరిగితే చర్చిలో సాక్ష్యం చెప్పి కృతజ్ఞత కానుక వేయడం మా అలవాటు. పాస్టరుగారికి చెప్పేసి, కానుక కవరు మీద నా పేరు కూడా రాయించేశాడు. ఆదివారం నేను లేచి నిలబడి దేవుడు నాకు ఈ ఉద్యోగం ఇచ్చాడని చెప్పాలి, రూబీ వింటూ ఉండగా.

శనివారం తెల్లవారుజామున మూడో ఉదయం తెరిచాను. నిన్నటి మీతో పోల్చుకోండి. చదివి అట్లాగే కూర్చుండిపోయాను. నిన్నటి నన్ను నేను చూశాను. మేడమ్ ముందు తెల్లగుడ్డ మీద చూశాను. చేత్తో ఎత్తి పట్టుకున్నాను కూడా. గుర్తుపట్టలేదు. రూబీ అనుకుని, చీలిపోతుందని చెప్పాను.

పెట్టె తీసి చీర మడతల్లోంచి బైబిలు తీశాను. దాన్ని దాని కవరులో పెట్టి, పుస్తకాన్ని అందరికీ కనపడేట్టు అలమరలో పెట్టాను.

ఆదివారం నా పేరు పిలిచారు. నిలబడ్డాను. మా అత్త అప్పటికే కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. రూబీ తన ఒళ్ళోకి చూసుకుంటోంది.

"సంఘానికి వందనాలు," అన్నాను. "దేవుడు నాకు ఉద్యోగమిచ్చినాడని చెప్పేదానికి లేచినాను. ఉద్యోగమైతే వచ్చింది. సరైన దారిలో రాలా. నా చెంచాలో ఉన్న తప్పు చూపించి, అది రూబీ చెంచా అని చెప్పి తెచ్చుకున్నాను. తెలిసి చెప్పలా. కానీ ఆ పిల్లదే అయ్యుండాలని మనసారా కోరుకుని చెప్పినా. తనకు తెలిసీ నోరు తెరవలా. రేపు మేడమ్‌కు ఫోన్ చేస్తాను. రేపటి దాకా నాకు ఈ ధైర్యం ఉండేట్టు మీరంతా ప్రార్థన చేయండి."

కూర్చున్నాను. పాస్టరుగారికి ఏ పాట ఎత్తుకోవాలో కాసేపు తోచలేదు. ఆ నిశ్శబ్దంలో మా అత్త గుసగుస చర్చి మొత్తానికీ వినపడింది. "ఇంట్లో చెప్పి ఏడవచ్చు గదా మే. ఈడ చెప్పాల్నా?"

మా ఆయన పురుషుల వైపు నుంచి కానుక కవరు ఎత్తి చూపించి, వేయాలా వద్దా అని సైగ చేశాడు. వేయమన్నాను.

సోమవారం ఫోన్ చేశాను. మేడమ్ అంతా విని, "అయినా మీ కన్ను నిజమే కదా సుకుమారిగారూ" అంది.

"కన్ను నిజమే మేడమ్. పిల్లలు నేర్చుకునేది చేయి చూసి గదా. రూబీ నన్ను చూసే ఎడమపక్క లావు నేర్చుకున్నింది. మళ్ళీ తనే సొంతంగా మార్చుకున్నింది."

పర్వాలేదు, మీరే రండి అంటుందని లోపల ఆశగా ఉంది. నిజం చెప్పిన పేరూ దక్కాలి, ఆత్మకూరూ దక్కాలి అని. మేడమ్ కొంచెం ఆలోచించింది. "సరే, అయితే రూబీని పంపించండి" అంది. ఫోన్ పెట్టేసింది.

పదహారో తేదీ పొద్దున్నే మా ఆయన ఆటోలోనే రూబీ బస్టాండుకు బయలుదేరింది. హెన్రీ సంచి పట్టుకున్నాడు. కొత్త చీర కాదు, ఉన్నవాటిలో మంచిది కట్టుకుంది. ఆటో ఎక్కుతూ నా వైపు తిరిగింది.

"ఏమన్నా చెప్పు అక్కా. మొదటిరోజు వాళ్ళకేం చెప్పాల్నో నాకు భయంగా ఉండాది."

"నాకు చెప్పేదానికేముండాది, నీకు పుస్తకముండాది గదా" అని నాలుక కొస దాకా వచ్చింది. మింగాను. "మెడ మీద బొటనవేలు పెట్టి చూడమని చెప్పు," అన్నాను. "బాగుండే వేలు."

రూబీ నవ్వింది. కొంగు అడ్డం లేకుండా, పళ్ళన్నీ కనపడేట్టు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు నచ్చదు.

వారం తర్వాత సెలవుకు వచ్చినప్పుడు రూబీ పెరట్లో కూర్చుని మా అత్తకు చెబుతోంది. "లోపలికి పోంగానే ఇరవై మందీ లేచి నిలబడి టీచర్ అన్నారు అత్తా. నా వెనక ఎవరో వచ్చినారనుకుని తిరిగి చూసినా." మా అత్త పకపకా నవ్వింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. కూర కలుపుతున్నది ఆ లావు మెడ చెంచాతోనే. ఇంకా చీలలేదు.

ఇప్పుడు నేను కూడా లైటు కిందే కూర్చుంటున్నాను. మెడ చూసేటప్పుడు కుడి బొటనవేలు వాడుతున్నాను. చేయి తిరగడానికి ఇంకా టైము పడుతుంది.

నిన్న తెల్లవారుజామున ప్రార్థన అయ్యాక ఆ పుస్తకం తీశాను. మూడో ఉదయంలో పేరు చెరుపుతుంటే కాగితం చిరిగింది. రోజూ ఉప్పుకాగితంతో రుద్దీ రుద్దీ అక్కడ పల్చబడిపోయింది. చిన్న చిల్లు పడింది. దానిలోంచి నాలుగో ఉదయంలోని రెండు అక్షరాలు కనపడుతున్నాయి. ఏ మాటలోవో తెలియదు. పేజీ తిప్పి చూడొచ్చు. తిప్పలేదు. పెన్సిలు తీసి, చిల్లు పక్కన ఖాళీగా ఉన్నచోట మళ్ళీ రూబీ అని రాశాను, ఈసారి కొంచెం చిన్న అక్షరాలతో.